ఆ ‘కాబట్టి’ ఎక్కడిది?

“ఇది చాలా అరుదైన క్యాన్సర్. చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి.”

కడుపులో బల్ల పెరిగిన మనిషిని వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఇళ్లలో ఈ రెండు వాక్యాలూ విన్నాను. మా ఇంట్లోనూ విన్నాను. మొదటి వాక్యం నిజమే కావచ్చు. రెండోది కూడా కొన్నిసార్లు నిజమవుతుంది. ఆ రెంటి నడుమ పైకి వినపడని ‘కాబట్టి’ ఒకటి ఉంది. అరుదైనది కాబట్టి చేసేదేం లేదు. అరుదైనది కాబట్టి మా భువనగిరిలో తేలదు. అరుదైనది కాబట్టి ఖర్చు మన వల్ల కాదు. నా గొడవంతా ఆ ‘కాబట్టి’తోనే. అది వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు. మన అలవాటులో ఉంది. దాని వల్ల బతకాల్సిన మనుషులు పోతున్నారు.

బల్ల అని మనం అంటున్నది ప్లీహాన్ని. ఎడమ పక్క తొమ్మిది, పది, పదకొండో పక్కటెముకల వెనక పిడికిలంత ఉంటుంది. బరువు 150 గ్రాముల చిల్లర. ఆరోగ్యంగా ఉన్నంతకాలం మామూలుగా చేతికి తగలదు. ముసలివైన ఎర్ర కణాలను ఏరిపారేస్తూ, ఒంట్లోకి వచ్చిన క్రిములను పట్టిస్తూ దాని పని అది చేసుకుంటుంది. రెండు మూడింతలు పెరిగితేగాని డొక్క కిందికి దిగదు. దిగినప్పుడు మాత్రం పలక పెట్టినట్టు గట్టిగా తగులుతుంది. మన పెద్దలు దానికి బల్ల అని పేరు పెట్టింది అందుకే కావచ్చు.

బల్ల అనగానే జ్వరం గుర్తుకు రావడం కూడా మన తప్పు కాదు, దానికి చరిత్ర ఉంది. 1840లలోనే డెంప్‌స్టర్ అనే సైనిక వైద్యుడు ఉత్తరాదిన కాలువల వెంట ఊళ్లు తిరిగి, పిల్లల కడుపులు తడిమి, ఎందరికి ప్లీహం తగులుతున్నదో లెక్కగట్టి ఆ ఊళ్లో మలేరియా ఎంతుందో చెప్పాడు. ఆ జ్వరపు క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్ పక్కన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. తరాల తరబడి ఈ నేల మీద పెరిగిన ప్లీహానికి అర్థం మలేరియాయే. ఇవాళ్టికీ మలేరియా, టైఫాయిడ్, కాలేయం చెడటం, తలసీమియా, సికిల్ సెల్, టీబీ ముందు చూసుకోవాల్సినవే. ఆ వరస తప్పని నేననడం లేదు. వరసలో మొదటి రెండు మెట్ల దగ్గరే కూర్చుండిపోవడం తప్పంటున్నాను.

మా చిన్నాయన పోచంపల్లి దగ్గర నేతపని చేస్తాడు. యాభై నాలుగేళ్ల వయసులో మొదలైంది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి ముందుకు వంగితే ఎడమ డొక్కలో ఏదో అడ్డం పడుతున్నదన్నాడు. తిండి తగ్గింది. “రెండు బుక్కలు తినంగనే కడుపు నిండుతుంది బిడ్డా, ఇగ మెతుకు దిగది” అన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ మలేరియా గోలీలిచ్చాడు. నెల తర్వాత టైఫాయిడ్ అన్నాడు, గ్లూకోజ్ ఎక్కించాడు. తర్వాత రక్తం తక్కువుందని టానిక్కులు. తర్వాత మళ్లీ మలేరియా గోలీలు. మధ్యలో మా చిన్నమ్మ తరఫువాళ్లు తీసుకుపోయి సురుకు పెట్టించారు. ఎడమ డొక్క మీద మూడు వాతలు, వేలెడు పొడుగువి. అవి మానకముందే స్కానింగ్‌లో ప్లీహం 22 సెంటీమీటర్లని వచ్చింది. ఉండాల్సింది పన్నెండు లోపు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే తెల్ల కణాలు, ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోయి ఉన్నాయని చూసి, ముందు చెప్పిన ఆ రెండు వాక్యాలూ చెప్పారు. అప్పటికి పదకొండు నెలలైంది.

ఆ డాక్టరు చెడ్డవాడు కాడు. మాతో నెమ్మదిగానే మాట్లాడాడు. కానీ ఆయన చూసింది కాయితాన్ని. రక్తాన్ని చూడలేదు.

రక్తాన్ని చూసిన మనిషి తర్వాత దొరికింది. పాథాలజీ చదివిన చిన్న వయసు డాక్టరమ్మ. వేలి మీద సూదితో గుచ్చి చుక్క తీసి, గాజు పలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ముందుకు లాగింది. ఎండినాక లీష్మన్ రంగు పోసింది. సూక్ష్మదర్శినిలో చాలాసేపు వెతికి, మమ్మల్ని కూడా పిలిచి చూడమంది. గులాబీ రంగు ఎర్రకణాల మధ్య ఒకే ఒక్క పెద్ద కణం ఉంది. నడుమ గుండ్రటి ఊదారంగు చుక్క, చుట్టూ లేత నీలం, దాని అంచు పొడుగునా సన్నటి నూగు. పత్తి కాయ పగిలితే గింజ చుట్టూ ఉండే దూది అలాగే ఉంటుంది. పలకంతా వెతికితే అలాంటివి ఐదారే దొరికాయి. ఆ నూగు వల్లనే ఆ జబ్బుకు హెయిరీ సెల్ ల్యుకేమియా అని పేరు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బెర్తా బౌరోంకిల్ అనే డాక్టరు 1958లో దీన్ని వేరే జబ్బుగా గుర్తించి రాశారు.

ఆ తర్వాత ఆమె మా పాత రిపోర్టులు మూడూ తెప్పించి చూసింది. మూడింటిలోనూ మోనోసైట్ల గడిలో ఒకచోట సున్నా, రెండుచోట్ల ఒకటి. ఈ జబ్బులో మోనోసైట్లు దాదాపు మాయమవుతాయి. ఆ ఆనవాలు పదకొండు నెలలుగా మా సంచీలోనే ఉంది. ఎవరూ ఆ గడి దాకా కిందికి చదవలేదు. పైగా లెక్కపెట్టే యంత్రం ఒక్కోసారి ఈ నూగు కణాలనే మోనోసైట్లుగా లెక్కేస్తుంది. అందుకే యంత్రం ఎంత ఖరీదైనదైనా, మనిషి కన్ను పలక మీద పడాల్సిందే.

మూలుగ పరీక్షలో ఇంకో చిత్రం. నడుము ఎముకలో సూది దింపి లాగితే సిరంజిలోకి చుక్క రాలేదు. ఈ జబ్బులో మూలుగ సన్నటి పీచుతో అల్లుకుపోతుంది, లాగితే రాదు. పరీక్ష ఫెయిల్ అయిందని ఇక్కడ వెనక్కి పంపేస్తే కథ ముగిసినట్టే. రాకపోవడమే సాక్ష్యమని తెలిసినవాళ్లు అగ్గిపుల్లంత ఎముక ముక్క తీసి పంపుతారు. మాకు అలాగే తేలింది.

అరుదని చేతులెత్తేసేవాళ్ల వాదాన్ని దాని బలమంతటితో చెబుతాను. యాదాద్రి భువనగిరి జిల్లా జనాభా 2011 లెక్కల్లో ఏడు లక్షల పైచిలుకు. పాశ్చాత్య దేశాల లెక్క ప్రకారం హెయిరీ సెల్ ల్యుకేమియా ఏడాదికి లక్షలో ఒకరికి కూడా రాదు. ప్లీహంలోనే పుట్టే యాంజియోసార్కోమా అయితే పది లక్షల్లో ఒకరికంటే చాలా తక్కువ, ఆ లెక్కన మన జిల్లాలో ఏడెనిమిదేళ్లకు ఒకరు. ఉన్న కొద్దిమంది డాక్టర్లు జ్వరాలు చూడాలా, కాన్పులు చేయాలా, బీపీ షుగర్ గోలీలివ్వాలా, లేక ఏడేళ్లకొకసారి వచ్చే జబ్బు కోసం కూర్చోవాలా?

ఈ ప్రశ్నలోనే మోసముంది. హెయిరీ సెల్ ల్యుకేమియా అని నుదుటి మీద రాసుకుని ఎవరూ రారు. వచ్చేది బల్ల పెరిగిన మనిషి, రక్తం తగ్గిన మనిషి. అలాంటివాళ్లు ఏ మాత్రం అరుదు కాదు, రోజూ ఓపీ చీటీ పట్టుకుని నిలబడుతున్నారు. వాళ్లలో ఎవరిది అరుదైన జబ్బో వరసను చూస్తే తెలియదు. తెలుసుకునే మొదటి పనిముట్టు ఆ గాజు పలకే. అదే పలక మీద మలేరియా క్రిమి కనబడుతుంది, తలసీమియా కనబడుతుంది, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా కనబడుతుంది. అరుదైన జబ్బు కోసమని ఒక్క రూపాయి వేరుగా ఖర్చుపెట్టనక్కర్లేదు. మామూలు జబ్బులకు చేయాల్సిన పనిని పూర్తిగా చేస్తే చాలు, అరుదైనది అక్కడే పట్టుబడుతుంది.

మలేరియా బల్లే అని తీర్మానించుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఘనా దేశపు అనుభవం ఉంది. అక్కడ ఇమెల్డా బేట్స్, ఆమె సహచరులు మలేరియా వల్లే ప్లీహం పెరిగిందని ముద్రపడ్డ రోగుల రక్తకణాల జన్యువులను పరీక్షించి 1991లో ప్రకటించారు. మలేరియా మందుకు సరిగ్గా లొంగనివాళ్లలో కొందరికి కణాలన్నీ ఒకే తల్లికణం సంతతి. అంటే అది లింఫోమా తోవ పట్టిన జబ్బు. మందు పనిచేయకపోవడమే అక్కడ జవాబైంది. మా చిన్నాయనకు మలేరియా గోలీలు రెండోసారి ఇచ్చిన రోజున ఎవరైనా ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఎనిమిది నెలలు మిగిలేవి.

అరుదైతే చావేనన్న మాటకు వద్దాం. ప్లీహం క్యాన్సర్లలో అరుదైనవాటిలోనే బాగా లొంగేవి ఉన్నాయి. హెయిరీ సెల్ ల్యుకేమియాకు ఒకప్పుడు ప్లీహం తీసేయడం తప్ప దారి లేదు. 1990లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ వైద్యులు క్లాడ్రిబిన్ అనే మందును 12 మందికి ఏడు రోజులపాటు ఒకే విడతగా ఎక్కించారు. 11 మందిలో జబ్బు ఆనవాలు లేకుండా పోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ అనుభవం నిలబడింది. తిరగబెట్టినవాళ్లకు మళ్లీ ఇస్తే మళ్లీ లొంగుతున్నది. ఈ జబ్బు వెనక బీరాఫ్ అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు ఉందని 2011లో ఇటలీ శాస్త్రవేత్తలు తేల్చాక, దాన్ని అడ్డుకునే మాత్రలు కూడా మొండి కేసులకు పనికొస్తున్నాయి. క్లాడ్రిబిన్ తర్వాత కొన్ని వారాలు ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా పడిపోతుంది కాబట్టి జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. ఆ జాగ్రత్త చెప్పకుండా మందు గొప్పలు మాత్రమే చెప్పడం కూడా అన్యాయమే.

ఇంకొకటి, స్ప్లీనిక్ మార్జినల్ జోన్ లింఫోమా. లింఫోమాలన్నిటిలో నూటికి రెండు కూడా ఉండదు. పెద్ద వయసులో వస్తుంది, నిదానంగా నడుస్తుంది. దీని కణాలకూ నూగుంటుంది, కాకపోతే చుట్టూ కాకుండా ఒకటి రెండు కొసల్లో కుచ్చులా ఉంటుంది. మనిషి తిరుగుతూ తింటూ ఉంటే కొన్నాళ్లు ఏ మందూ ఇవ్వకుండా చూస్తూ ఉండటమే ఇందులో సరైన వైద్యం. ఇంట్లోవాళ్లు దాన్ని వదిలేశారని అనుకుంటారు. మూడు నెలలకోసారి చూసి లెక్కరాసుకునే డాక్టరు వదిలేసినట్టు కాదు. మందు అవసరమైనప్పుడు రిటుక్సిమాబ్ ఒక్కదానికే పది మందిలో తొమ్మిది మంది దాకా లొంగుతారు. ఆ మందు ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లేకపోతే నిద్రపోతున్న కామెర్ల వైరస్ లేచి కాలేయాన్ని తినేస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది హెపటైటిస్ సి సంగతి. ఈ వైరస్ ఉన్నవాళ్లలో కొందరికి ఇదే తరహా ప్లీహపు లింఫోమా వస్తుంది. 2002లో ఫ్రెంచి వైద్యులు అలాంటి 9 మందికి క్యాన్సర్ మందేమీ ఇవ్వకుండా వైరస్‌కు వైద్యం చేశారు. వైరస్ పోయిన ఏడుగురిలో లింఫోమా కూడా పోయింది. ఇవాళ హెపటైటిస్ సికి సూదులు కూడా అక్కర్లేదు, కొన్ని వారాల మాత్రలు చాలు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద అవి ఉచితం. ఒక రక్తపరీక్ష, ఉచితంగా వచ్చే మాత్రలు. ఇంత దగ్గరలో ఉన్న దారికి అడ్డంగా ‘అరుదు’ అన్న మాటను పడేయడం నేను ఒప్పుకోను.

చెడ్డవి లేవా అంటే ఉన్నాయి. హెపటోస్ప్లీనిక్ టీ సెల్ లింఫోమా ఎక్కువగా పడుచు మగపిల్లలకు వస్తుంది, వేగంగా ముదురుతుంది. గట్టి కీమోథెరపీ, ఆ వెంటనే వేరొకరి మూలకణాల మార్పిడి తప్ప దానికి పెద్ద ఆశ లేదు. యాంజియోసార్కోమా ఇంకా క్రూరమైనది. కొందరిలో ప్లీహం లోపలే చిట్లి కడుపంతా రక్తం నిండాకగాని బయటపడదు. చిట్లకముందే తీసేసినవాళ్లు కాస్త ఎక్కువ కాలం బతుకుతారు, అంతే. ఈ రెండింటి విషయంలో ‘ఇంటికి తీసుకుపోండి’ అనే మాట ఒక దశలో దయగల మాట కూడా అవుతుంది. కానీ ఆ మాట అనడానికి ముందు జబ్బు పేరు తెలిసుండాలి కదా. బయటినుంచి తడిమితే అన్నిటిదీ ఒకటే బల్ల. ఏడు రోజుల మందుతో నయమయ్యేదీ, ఏడు నెలలు నిలవనిదీ వేళ్లకు ఒకేలా తగులుతాయి. పేరు తెలియకుండా చెప్పిన గడువు వైద్యుడి మాట కింద లెక్కకు రాదు, సోది కింద వస్తుంది.

“సూది పెడితే క్యాన్సర్ పాకుతది” అన్న భయాన్ని తీసిపారేయను, ఎందుకంటే అది ప్రేమలోంచి వచ్చే భయం. మా చిన్నమ్మ మూలుగ పరీక్ష గది ముందు అడ్డంగా కూర్చుంది. “ఉన్న నాలుగు దినాలన్న నిమ్మళంగ బతకనీయుండ్రి” అంది. ఆమెకు నేను చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఈ జబ్బులు చాలావరకు రక్తంలో, మూలుగలో తేలతాయి, ప్లీహంలోకి సూది దింపాల్సిన అవసరమే రాదు. రక్తపు జబ్బు అప్పటికే రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతున్నది, సూది దాన్ని కొత్తగా ఎక్కడికీ పంపదు. తప్పనిసరై స్కానింగ్ చూస్తూ ప్లీహం ముక్క తీసినా, అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2011 నాటి లెక్కలో పెద్ద ప్రమాదం నూటికి ఇద్దరికి, సన్నటి సూదితో ఒకరికి. స్కానింగ్‌లో రక్తనాళాల గడ్డలా కనిపిస్తే మాత్రం జాగ్రత్తపరులు సూది దింపరు, నేరుగా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఆపరేషన్ అంటే గుర్తొచ్చింది. ‘తీసి పారేస్తే పీడ పోతుంది’ అనేది కూడా ‘చేసేదేం లేదు’ అన్న మాటకు తోబుట్టువే. ప్లీహం లేకుండా మనిషి బతుకుతాడు, నిజమే. కానీ న్యూమోకాకస్ లాంటి క్రిములు సోకితే ఒక్క రాత్రిలో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వీలైతే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వేయాలి. తర్వాత జీవితాంతం జ్వరాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. జేబులో చీటీ ఉండాలి: నాకు ప్లీహం లేదు అని. తీసిన ప్లీహాన్ని సన్నగా కోసి పరీక్షించకుండా పారేస్తే, జవాబున్న పుస్తకాన్ని చదవకుండా పొయ్యిలో పెట్టినట్టే.

డబ్బు మాట. అరుదైన జబ్బంటే కోట్లు కావాలన్న నమ్మకం పత్రికల్లో వచ్చే పసిపిల్లల జన్యుజబ్బుల వార్తల నుంచి వచ్చింది. ప్లీహం సంగతి వేరు. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే తొలి సాటి మందును 2007లో తెచ్చింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా ప్లీహంలో పుట్టకపోయినా బల్లను బొడ్డు దాటించే జబ్బు. దానికి వాడే ఇమాటినిబ్ అసలు కంపెనీ ధరలో నెలకు లక్ష దాటేది. హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీలు కొన్ని వేలకే ఇచ్చాయి. పేటెంటు వివాదంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు నోవార్టిస్‌కు వ్యతిరేకంగా రావడంతో ఆ చవక మందు నిలబడింది. మందులు మన పక్క పట్నంలో తయారవుతుంటే, మందులు మనకందవని మనమే చెప్పుకుంటున్నాం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. ఆ పథకం ముందుగా అడిగేది కూడా జబ్బు పేరున్న రిపోర్టే. పేరు లేని జబ్బుకు ఏ పథకమూ పైసా ఇవ్వదు. పేదవాడికి రోగనిర్ధారణ అక్కర్లేని విలాసమని అనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అతనికి మిగతా తలుపులన్నీ తెరుచుకునేది ఆ కాయితంతోనే.

ఇక భువనగిరిలో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారు. రక్తకణాల రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీ యంత్రం ప్రతి ఊళ్లో పెట్టమని ఎవరూ అడగడం లేదు. దానికి కావాల్సింది తాజా రక్తం, ఒకటి రెండు రోజుల్లో చేరితే సరిపోతుంది. భువనగిరి నుంచి హైదరాబాద్ యాభై కిలోమీటర్ల లోపే. ఆ తోవలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పట్నంలో నిమ్స్ ఉంది, 1955 నుంచి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పీహెచ్‌సీల నుంచి రక్తం నమూనాలు సేకరించి తీసుకెళ్లే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతి 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021లో జిల్లాలకు వచ్చింది. దారి వేసి ఉంది, బండి నడుస్తున్నది. ఆ దారిలో మనిషిని పదకొండు నెలలు తిప్పే బదులు అతని రక్తపు చుక్కను ఒక్కరోజు తిప్పమంటున్నాను. డొక్క కింద ప్లీహం తగిలి, కణాల లెక్క పడిపోయి, ఒక విడత జ్వరం మందుకు తగ్గని ప్రతి మనిషి గాజు పలకనూ ఒక పాథాలజిస్టు కళ్లతో చూసి సంతకం పెట్టాలి. రెండో విడత గోలీలు రాసే ముందు ఆ సంతకం అడగాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి తలుపు తీసేది వాళ్లే. ఈ ఒక్క సంగతి వాళ్ల చెవిన వేస్తే సగం ఆలస్యం తగ్గుతుంది.

చిన్నాయనకు ఏడు రోజులు మందెక్కింది. మధ్యలో జ్వరమొచ్చి ఆరు రోజులు ఎక్కువ ఉండాల్సి వచ్చింది, భయపడ్డాం. నాలుగో నెలలో చూపించుకోవడానికి పోతే డాక్టరు ఆయన్ను పడుకోబెట్టి, కుడి తుంటి దగ్గర నుంచి వేళ్లు మెల్లగా ఎడమ డొక్క వైపు జరుపుతూ “గాలి పీల్చండి” అన్నాడు. పీల్చాడు. వేళ్లకు ఏమీ తగల్లేదు. మళ్లీ పీల్చమన్నాడు. పైన చర్మం మీద మూడు వాతల మచ్చలు మాత్రం చేతికి గరుకుగా తగులుతున్నాయి. “ఇవేంటివి?” అని డాక్టరు అడిగితే చిన్నాయన చొక్కా కిందికి లాక్కుని ఊరుకున్నాడు.

ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటున్నాడు, రోజూ కాదు, ఓపికున్నప్పుడు. మొన్న పక్క వీధిలో ఎవరికో బల్ల పెరిగిందని, సురుకు పెట్టించడానికి తీసుకుపోతున్నారని తెలిస్తే ఆటోకు అడ్డం పోయి నిలబడ్డాడట. చొక్కా ఎత్తి మచ్చలు చూపించి, “ఇది నాకు జేసిండ్రు, ఏం గాలె. రక్తం చుక్క అద్దం మీద ఏపిచ్చుండ్రి, నేనొస్త మీ ఎంబడి” అన్నాడట.